స్ట్రాడివారి ఊళ్ళో మావయ్య ఫిడేలు

శనివారం, మిలాన్ నుంచి క్రెమోనా

మిలాన్ సెంట్రల్ స్టేషన్లో మాంతోవా వైపు వెళ్ళే రైలెక్కితే గంట దాటిన కాసేపటికే క్రెమోనా వచ్చేస్తుంది. దారి పొడుగునా బల్లపరుపు నేల. కోసేసిన మొక్కజొన్న చేలు, పశువుల కొట్టాలు, వరసలు తీర్చి నాటిన పోప్లార్ తోటలు. ఇది పో నది మైదానం. కొండ అన్నది కంటికి ఆనదు. ఫిడేలు పైపలకకు పనికొచ్చే స్ప్రూస్ చెట్టేమో చలికొండల మీద పెరుగుతుంది. అయినా ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న ఫిడేళ్ళు ఈ ఊళ్ళోనే తయారయ్యాయి. వాటిని చేసినవాళ్ళలో పెద్ద పేరు మూడొందల ఏళ్ళ కిందటి ఆంటోనియో స్ట్రాడివారిది. “చెట్లు అక్కడెక్కడో ఉంటే పనివాళ్ళు ఇక్కడెందుకున్నారే?” అని మావయ్య రైలెక్కిన దగ్గర్నుంచి అడుగుతూనే ఉన్నాడు.

మావయ్యది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో వయొలిన్ ఆచార్యుడిగా చేరిన సంగీత కళాశాల ఉన్న ఊరు. ఫిడేలు వినపడని వీధి అక్కడ ఉండదని ఆయన గొప్ప. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పి, రామనవమి పందిళ్ళలో పక్కవాద్యం వాయించి, ఇప్పుడు మ్యూనిక్‌లో నా దగ్గర కొన్నాళ్ళు ఉండటానికి వచ్చాడు. పారిస్ తీసుకెళ్తానంటే వద్దన్నాడు. “ఆ ఇనప టవరు కేలండర్లలో చూశాలే. స్ట్రాడివారి ఊరు చూపించు చాలు.”

వీపు మీద పెట్టెలో ఆయన ఫిడేలు కూడా వచ్చింది. మావయ్య వాళ్ళ నాన్న ఎవరో దొర వెళ్ళిపోతూ అమ్మితే కొన్నదట. దాని లోపల, పైపలక మీది ‘ఎఫ్’ ఆకారపు చిల్లుల్లో ఎడమదాంట్లోంచి తొంగిచూస్తే కనపడేలా, పసుపు పట్టిన చీటీ ఒకటుంటుంది. అచ్చులో లాటిన్: ‘ఆంటోనియుస్ స్ట్రాడివారియుస్ క్రెమొనెన్సిస్ ఫాసియేబాత్’, పక్కన 1721. క్రెమోనా వాసి ఆంటోనియో స్ట్రాడివారి చేశాడని దాని అర్థం. ఆ చీటీ సంగతేమిటో నాకు తెలుసు. మావయ్యకి తెలుసో లేదో మాత్రం తెలీదు. అడగలేదు.

రాత్రి భోజనానికి ఇద్దరికీ శాకాహారం వెతకడం అనుకున్నంత కష్టం కాలేదు. గుమ్మడికాయ కూరిన పాస్తా ఇక్కడ మామూలే. దాంతోపాటు చీజ్ పక్కన మొస్తార్దా అని పెట్టారు. పళ్ళని పంచదార పాకంలో ఊరేసి ఆవనూనె సారం కలుపుతారు. తియ్యగా ఉంది కదా అని మావయ్య చెర్రీ పండొకటి నోట్లో వేసుకున్నాడు. కొత్తావకాయ జాడీ మూత తీసినప్పటి ఘాటు తిన్నగా ముక్కులోకెక్కింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే రెండో పండు తీసుకున్నాడు.

ఆదివారం, మ్యూజియంలో

క్రెమోనా వయొలిన్ మ్యూజియం 2013లో తెరిచారు. మావయ్య ప్రశ్నకి జవాబు దాదాపు మొదటి గదిలోనే దొరికింది. పదహారో శతాబ్దంలో ఆంద్రేయా అమాటి అనే ఆయన ఈ ఊళ్ళో దుకాణం పెట్టి ఇప్పుడు మనం చూసే వయొలిన్ రూపాన్ని స్థిరపరిచాడు. ఫ్రాన్సు రాజు తొమ్మిదో చార్లెస్ ఆస్థానానికి చేసిన వాద్యాల్లో ఒకటి ఇక్కడే అద్దాల పెట్టెలో ఉంది. వెనక పలక మీద రాజముద్ర రంగులు చెరిగిపోయి సగమే మిగిలాయి. ఇక ఈ ఊరికి నీళ్ళ దారిలో వెనిస్ దగ్గర. అక్కడికి కలప వస్తుంది, రంగులూ రెసిన్లూ వస్తాయి, కొనే దొరలూ వస్తారు. చర్చిల్లో సంగీతం నిత్యం ఉండేది. పని తెలిసిన ఇల్లు ఒకటుంటే మిగతావి వెతుక్కుంటూ వస్తాయన్నమాట.

నాకు అన్నిటికన్నా పట్టుకున్న విషయం 1630 నాటి ప్లేగు. ఆంద్రేయా కొడుకు జిరోలమో ఆ ప్లేగులో పోయాడు. మనవడు నికోలో ఒక్కడే మిగిలాడు. అప్పటివరకూ ఆ విద్య ఇల్లు దాటి బయటికి వెళ్ళింది లేదు. ఇంట్లో మనుషులు లేక, పని పెరిగి, నికోలో బయటి కుర్రాళ్ళని చేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఫిడేళ్ళ తయారీలో పేరున్న గ్వార్నేరి వంశానికి మూలపురుషుడైన ఆంద్రేయా గ్వార్నేరి అలా వచ్చినవాడే. స్ట్రాడివారి కూడా అక్కడే నేర్చుకున్నాడని చెబుతారు. 1666 నాటి ఒక ఫిడేలు చీటీ మీద తాను నికోలో అమాటి శిష్యుణ్ణని రాసుకున్నాడు. ఆ మహమ్మారి రాకపోతే ఆ తలుపు తెరుచుకునేదా అన్నది నాకు అనుమానమే.

స్ట్రాడివారి 1644 ప్రాంతంలో పుట్టాడు, ఎక్కడో కచ్చితమైన దాఖలా లేదు. పోయింది 1737 డిసెంబరు 18న. అంటే తొంభై దాటి బతికాడు. చివరి ఏళ్ళ ఫిడేళ్ళ చీటీల మీద వయసు కూడా రాసుకునేవాడు, 92 అని. మొత్తం వెయ్యికి పైగా వాద్యాలు చేసి ఉంటాడని అంచనా. ఇప్పుడు ఆరువందల యాభై దాకా మిగిలాయి. గిటార్లు చేశాడు, మాండొలిన్లు చేశాడు, హార్ప్ కూడా చేశాడు. 1700 నుంచి 1725 దాకా ఆయన పనికి బంగారు కాలమంటారు. యాభై ఆరేళ్ళకి మొదలైన బంగారు కాలం!

“మన గవర్నమెంటు ఉద్యోగమైతే రిటైర్మెంటు కాగితాలు సర్దుకునే వయసు,” అన్నాడు మావయ్య.

జనం గుమిగూడేది ‘క్రెమొనీస్ 1715’ చుట్టూ. ఒకప్పుడు జోసెఫ్ యోకిమ్ అనే మహా విద్వాంసుడి దగ్గర ఉన్నది. 1961లో ఈ ఊరు దాన్ని తిరిగి కొనుక్కుంది. అందంగానే ఉంది, కాదనను. ఎర్రని వార్నిష్ కింద మేపుల్ చారలు మనం పక్కకి జరిగే కొద్దీ వెలుగులో కదులుతాయి. కానీ నేను ఎక్కువసేపు నిలబడిపోయింది పక్క గదిలో. అక్కడ ఫిడేళ్ళు లేవు. చెక్క అచ్చులు, కాగితం మీద గీసుకున్న నమూనాలు, కొలతల ముక్కలు ఉన్నాయి. స్ట్రాడివారి దుకాణంలో రోజూ చేతిలో తిరిగిన సామాను. అచ్చుల మీద గుర్తు కోసం జి, పి, ఎస్ అని అక్షరాలు రాసుకున్నాడు. గీతల మీద కంపాసు ముల్లు గుచ్చిన చిల్లులు ఇప్పటికీ కనపడతాయి. కాగితం ఖరీదైన కాలం కాబట్టి కొన్ని వాడేసిన కాగితాల వెనక గీసినవే.

ఈ సామాను ఇక్కడికి చేరిన కథ ఊరికి అంత గొప్పగా ఉండదు. స్ట్రాడివారి తర్వాత కొడుకులు ఫ్రాన్సెస్కో, ఒమోబోనో కూడా ఏళ్ళు తిరక్కుండానే పోయారు. బట్టల వ్యాపారం చేసుకునే చిన్నకొడుకు పావొలో 1770ల్లో మిగిలిన అచ్చులూ పనిముట్లూ అన్నీ కోత్సియో అనే ప్రభువుకి అమ్మేశాడు. అవి ఊరు దాటి వెళ్ళిపోయాయి. జుసెప్పె ఫియొరీని అనే వయొలిన్ మేకర్ వాటిని 1920లో సొంత డబ్బు పెట్టి కొని, 1930లో క్రెమోనాకి ఉచితంగా ఇచ్చేశాడు. అప్పటికి ఈ ఊళ్ళో ఆ విద్య దాదాపు ఆరిపోయి ఉంది.

పన్నెండింటికి మ్యూజియం లోపలి హాల్లో వాదనం. నాలుగువందల అరవై మంది దాకా పట్టే హాలు, దాని శబ్దశాస్త్రం చూసింది యసుహిసా తొయోతా అనే జపనీయుడు. నడుమ వేదిక, చుట్టూ జనం. ఒక అమ్మాయి పాత ఫిడేలు ఒకటి పట్టుకుని వచ్చి జర్మన్ సంగీతకర్త బాఖ్ కృతి వాయించింది. మైకు లేదు. కమాను తీగ మీద ఆనక ముందే గాలి కదిలినట్టనిపించింది. వాడకుండా పెట్టెలో ఉంచితే వాద్యం మూగబోతుందని వీటిని ఇలా వాయిస్తూ ఉంటారు. 2019 మొదట్లో ఈ ఫిడేళ్ళ నాదాన్ని స్వరం స్వరంగా రికార్డు చేసి దాచాలనుకున్నప్పుడు హాలు చుట్టూ వీధుల్లో బళ్ళు ఆపేశారు. అనవసరంగా చప్పుడు చెయ్యొద్దని మేయరు ఊరిని వేడుకున్నాడు. రాళ్ళ వీధిలో ఎత్తుమడమల జోళ్ళ టకటక కూడా మైకుల్లోకి ఎక్కేస్తోందట.

మావయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. బయటికొచ్చాక, “బాగుంది. అయినా మన నాయుడు గారి ఫిడేలు ఏ కంపెనీదని ఎవరైనా అడిగారా?” అన్నాడు.

అప్పుడు ఆయనకి ఆ పరీక్షల సంగతి చెప్పాను. 2012లో పారిస్ దగ్గర పదిమంది పేరుమోసిన సోలోయిస్టులకి కళ్ళకి నల్లద్దాలు పెట్టి, చీకటిగా ఉన్న గదిలో ఆరు పాత ఇటాలియన్ ఫిడేళ్ళూ ఆరు కొత్తవీ వాయించమని ఇచ్చారు. పాతవాటిలో స్ట్రాడివారివే ఎక్కువ. పదిమందిలో ఆరుగురు తమకి నచ్చిందని పక్కకి తీసినవి కొత్తవి. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పమంటే గుడ్డిగా చెప్పినదానికన్నా మెరుగ్గా చెప్పలేకపోయారు. ఇంకో సంగతి. స్ట్రాడివారి చేసినప్పుడు ఆ ఫిడేళ్ళకి మెడ పొట్టి, తీగలు గొర్రెపేగువి, పైపలక కింద ఉండే సన్నటి కర్ర, అంటే బేస్ బార్, చిన్నది. పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద హాళ్ళు వచ్చాక గట్టిగా మోగాలని దాదాపు అన్నిటికీ మెడ మార్చేసి, వాలుగా వంచి, బార్ పెంచారు. ఫ్లోరెన్సులో ఉన్న 1690 నాటి మెదీచి టెనార్ వియోలా (ఫిడేలుకి పెద్దన్న లాంటి వాద్యం) వంటివి ఒకటీ అరా మాత్రమే ముట్టుకోకుండా మిగిలాయి. కాబట్టి ‘మూడొందల ఏళ్ళ నాటి అసలు నాదం’ అని మురిసిపోయేటప్పుడు కాస్త ఆగాలి. 2011లో వేలంలో కోటీ యాభై తొమ్మిది లక్షల డాలర్లు పలికిన ‘లేడీ బ్లంట్’ అనే స్ట్రాడివారి ఫిడేలు సంగతి వేరు. ఆ డబ్బు జపాన్ సునామీ బాధితులకి వెళ్ళింది.

సోమవారం, ఇళ్ళూ సమాధీ

కోర్సో గారిబాల్ది 57. పెళ్ళయ్యాక 1667లో స్ట్రాడివారి కాపురం పెట్టిన ఇల్లు. భార్య పేరు ఫ్రాన్సెస్కా. 1680 దాకా ఇక్కడే ఉన్నారు. వీధిలోకి దుకాణం, పైన కాపురం. పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ఎవరూ తలెత్తి చూడటం లేదు. అక్కడి నుంచి అంతర్జాతీయ వయొలిన్ తయారీ బడికి వెళ్ళాం. 1938లో పెట్టారు. ఆరిపోయిన పొయ్యి మళ్ళీ రాజుకున్నది అక్కడ. మేం వెళ్ళేసరికి పిల్లలు బయట మెట్ల మీద కూర్చుని సాండ్‌విచ్‌లు తింటున్నారు. ఒకడి ఏప్రన్ మీద చిత్రిక పొట్టు. నలుగురిలో ఇద్దరు ఆసియా వాళ్ళు.

1680 తర్వాత ఆయన మారిన ఇల్లు ఇప్పుడు లేదు. దాని ఎదుట ఉండిన సాన్ దొమెనికో చర్చి కూడా లేదు. 1869లో కూల్చేశారు. ఆ చర్చిలోనే స్ట్రాడివారి సమాధి. అదీ వేరే వాళ్ళ దగ్గర కొన్న పాత సమాధే. చర్చితోపాటు ఎముకలు ఎవరివి ఏవో తెలియకుండా కలిసిపోయాయి. ఇప్పుడక్కడ పార్కు, అందులో సమాధి రాయి నకలు. అసలు రాయి మ్యూజియంలో.

“చచ్చాక ఇంట్లోవాళ్ళు పనిముట్లు అమ్మేశారు, ఊళ్ళోవాళ్ళు గుడి కూల్చేశారు. తర్వాతేమో సంబరాలు,” అని మావయ్య పెదవి విరిచాడు. పక్కన పిల్లలు ఉయ్యాల ఊగుతున్నారు.

తొరాజ్జో గంట గోపురం ఎక్కడానికి 502 మెట్లు. నేనొక్కదాన్నే ఎక్కాను. మావయ్య కింద కూర్చుని తొరోనె కొనుక్కుని తిన్నాడు. బాదం, తేనె, గుడ్డు తెల్లసొన కలిపి చేసే మిఠాయి. గుడ్డు సంగతి నేను చెప్పలేదు.

మంగళవారం, వర్క్‌షాపులో

ఈ ఊళ్ళో ఇప్పుడు నూట యాభైకి పైగా వర్క్‌షాపులున్నాయి. తెలిసినవాళ్ళ ద్వారా ముందే మాట్లాడుకున్న చోటు ఒక సందులో, కింది అంతస్తు. మేకర్ జపాన్ ఆవిడ. ఇక్కడి బడిలో చదువుకోవడానికి వచ్చి ఉండిపోయారు. మావయ్య ఫిడేలు పెట్టె చూడగానే వంగి నమస్కారం పెట్టారు. మావయ్య అంతకన్నా వంగి పెట్టాడు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రం. చేతులు ఎక్కువ మాట్లాడాయి.

గోడకి ఆనించి చెక్క ముక్కలు పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని చివర పెన్సిలుతో సంవత్సరం. పైపలకకి స్ప్రూస్, వెనక పలకకీ పక్కలకీ మెడకీ మేపుల్. మేపుల్ బోస్నియా నుంచి వస్తుందన్నారు. స్ట్రాడివారి నాటి నుంచీ బాల్కన్ కొండల మేపులే దీనికి మేలు. ఎంత ఆరితే అంత మంచిది. ఏళ్ళ తరబడి ఊరికే నిలబెట్టి ఉంచాల్సిందే.

పని అచ్చుతో మొదలవుతుంది. క్రెమోనా పద్ధతికి ఇదే గుర్తు: అచ్చు లోపల ఉంటుంది, ఫిడేలు దాని చుట్టూ కట్టుకుంటూ వస్తారు. మ్యూజియంలో చూసిన ‘జి’ అచ్చు నకలే ఆవిడ బల్ల మీదా ఉంది. మూలల్లో విల్లో దిమ్మలు తాత్కాలికంగా అతికించి, మిల్లీమీటరు మందం మేపుల్ పట్టీని తడిపి, కాలే ఇనప గొట్టానికి ఆనించి వంచుతారు. ఆవిడ మా ముందే ఒకటి వంచారు. నీటి చుక్క సుయ్యిమంది. రెండు చేతుల బొటనవేళ్ళతో పట్టీని నొక్కుతూ, తొందరపడకుండా, అది దారికి వచ్చే క్షణం కోసం చూశారు. కొంచెం ముందు నొక్కితే విరుగుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. తెలిసేదెలా అని అడిగాను. వాసన, అన్నారు.

తర్వాత పలకలు. బయటి ఉబ్బు ముందు చెక్కి, ఆ తర్వాత లోపల తొలుస్తారు. మొదట వెడల్పు ఉలి, ఆపైన బొటనవేలంత చిన్న ఇత్తడి చిత్రిక, చివర్లో ఉక్కు రేకు. ఉప్పు కాగితం ముట్టరు. అది నారని నలిపేసి మూసేస్తుంది, రేకు కోసి తెరిచి ఉంచుతుందని ఆవిడ మాట. పైపలక మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. వెనక పలక నడుమ నాలుగున్నర దాకా ఉండి అంచులకి సన్నబడుతుంది. కొలవడానికి కేలిపర్ ఉంది. కానీ ఆవిడ నాలుగు చోట్ల కొలిచి, తర్వాత పలకని రెండు వేళ్ళతో గాల్లో వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి వింటున్నారు. తర్వాత మెల్లిగా అటూ ఇటూ మెలిపెట్టి చూస్తున్నారు. మావయ్య చెయ్యి చాచాడు. ఆవిడ పలక ఇచ్చారు. ఆయన తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, గొంతులో ఆ శ్రుతి పట్టాడు. ఆవిడ నవ్వి తల ఊపారు.

అంచు చుట్టూ కనపడే నల్లగీత గీసింది కాదు. సన్నగా కాలవ తవ్వి, నల్లది, తెల్లది, నల్లది మూడు పొరల పట్టీని అందులో దింపుతారు. స్ట్రాడివారి తెల్లదానికి పోప్లార్, నల్లదానికి రంగేసిన పియర్ చెక్క వాడాడు. అందంతోపాటు అంచు పగిలితే ఆ పగులు లోపలికి పాకకుండా ఆపుతుంది. మూలలో రెండు పట్టీలు కలిసే చోట నల్లపొర మొన తేలి బయటికి పొడుచుకు రావాలి. ఆ మొన ఏ వైపు ఎంత వాలిందో చూసి ఎవరి చెయ్యో చెప్పేసే నిపుణులున్నారట. ఆవిడ భూతద్దం ఇచ్చారు. మొన వెంట్రుక కన్నా సన్నంగా ఉంది. చిల్లులు రంపంతో గరుగ్గా కోసి, అంచులు చాకుతో తీరుస్తారు. ఆ చాకుని ఆవిడ మమ్మల్ని తాకనివ్వలేదు.

మొత్తం డెబ్భైకి పైగా చెక్క ముక్కలు. జిగురు జంతు చర్మాల నుంచి తీసినది, వేడి మీద వాడతారు. అవసరమైతే తర్వాత ఎప్పుడైనా విప్పుకోవడానికి వీలుగా పైపలకకి కొంచెం పలచగా రాస్తారు. మూడొందల ఏళ్ళ ఫిడేళ్ళు బతికి ఉన్నది అందుకే. మనిషి ఏడాదికి మూడు నుంచి ఆరు వాద్యాలు చేస్తే ఎక్కువ. 2012లో యునెస్కో ఈ పనిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. యంత్రాలతో చేసిన భాగాలు వాడరు. పేరున్నవారు చేసిన కొత్త ఫిడేలు పదివేల యూరోలకి పైమాటే.

“బొబ్బిలి వీణ పనస మానులో ఒక్క ముక్కలోంచే తొలుస్తారు, గొల్లపల్లిలో. ఏకాండి అంటాం,” అని మావయ్య చేతులతో చూపించాడు. “మీరు డెబ్భై ముక్కలు కలిపి ఒకటి చేస్తారు, వాళ్ళు ఒక మానులోంచి అనవసరమైనదంతా తీసేస్తారు.” నేను తర్జుమా చేశాను. ఆవిడ పనసచెక్క బరువెంత, ఎన్నేళ్ళు ఆరబెడతారు, లోపల చెక్కేది ఉలా గొడ్డలా అని వరసగా అడిగారు. మావయ్యకి రెండోదానికి జవాబు రాలేదు.

ఇక వార్నిష్. అందరూ స్ట్రాడివారి రహస్యమంతా దాన్లోనే ఉందంటారు. ఎంతమంది ఎన్ని కథలల్లారో! 2009లో ఫ్రెంచి పరిశోధకులు ఐదు వాద్యాల మీది పొరల్ని సూక్ష్మంగా పరీక్షించి తేల్చిందేమిటంటే, అది ఆ కాలపు చిత్రకారులందరూ వాడిన నూనె, పైన్ రెసిన్, మామూలు ఎరుపు రంగులు. చెక్కకి ఏవో లవణాలు పట్టించి ఉంటారని వాదించేవాళ్ళు వేరే ఉన్నారు. ఆనాటి చలికి చెట్లు బిగుతుగా పెరగడమే కారణమని 2003లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఊహించారు. సరే, అదే చలిలో పెరిగిన చెట్లతోనే కదా పక్క ఊళ్ళవాళ్ళూ చేసింది? నాకైతే నిన్నటి కాగితం మీది కంపాసు చిల్లులే గుర్తొస్తున్నాయి. అదే గీత, మళ్ళీ అదే గీత, ఈసారి వెంట్రుకవాసి పక్కకి. 1690ల్లో పొడుగు నమూనా ఒకటి పట్టుకుని కొన్నేళ్ళు చేసి చూసి వదిలేశాడు. డెబ్భై ఏళ్ళు ఆ బల్ల దగ్గరే. ఇందులో దాచుకోవడానికేముంది?

ఆయన రాసిన ఉత్తరాల్లో 1708 నాటిది ఒకటి మిగిలింది. ఫిడేలు ఆలస్యమైనందుకు క్షమించమని, వార్నిష్ వల్ల ఆలస్యమైందని, ఎండకి పెద్ద పగుళ్ళు విచ్చుకోకుండా చూడాల్సి వచ్చిందని ఒక ఖాతాదారుకి రాశాడు. మన దర్జీలు చెప్పేదీ ఇదే. ఈయన చెప్పింది నిజమైతే అయ్యుంటుంది.

చివరికి మావయ్య తన పెట్టె తెరిచాడు. నాకు టెన్షన్ మొదలైంది. ఆవిడ ఫిడేలుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చిల్లులోంచి సన్నటి లైటూ పళ్ళ డాక్టరు అద్దం లాంటిదీ లోపలికి పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి చూపించారు. బేస్ బార్ విడిగా చేసి అతికించినది కాదు, పలక తొలిచేటప్పుడే గట్టులా వదిలేసింది. కింది మూలల్లో దిమ్మలు లేవు. జర్మనీలో సాక్సొనీ, మార్క్‌నోయ్‌కిర్హెన్ వైపు, 1900కి అటూ ఇటూ అన్నారు. ఆ ప్రాంతంలో ఒక ఇంట్లో తలలు, ఒక ఇంట్లో పలకలు, ఇంకో ఇంట్లో మెడలు చేసి, వ్యాపారి కూర్చి దేశదేశాలకి పంపేవాడు. స్ట్రాడివారి చీటీ అంటే ఆ నమూనా అని చెప్పడానికి వేసేది. అమెరికా చట్టం 1891 నుంచి దేశం పేరు రాయాల్సిందేనన్నాక కొన్నిటి మీద ‘మేడిన్ జర్మనీ’ కూడా చేరింది.

మావయ్య మొహంలో మార్పేమీ లేదు. “ఆ చీటీ నా స్టూడెంట్ల ఫిడేళ్ళలో పదింట్లో చూశానే. పదీ 1721వే. ఏడాదంతా ఆయన మన విజయనగరానికే చేశాడా ఏమిటి?”

ఆవిడ వంకర ఇనప కడ్డీ ఒకటి చిల్లులోంచి దూర్చి, లోపల రెండు పలకల మధ్య నిలబడి ఉండే చిన్న కర్రని, అంటే సౌండ్ పోస్టుని, అర మిల్లీమీటరు కూడా కాదేమో, కదిపారు. తీగలు మీటి, మళ్ళీ కదిపారు. మావయ్య కింద చాప అడిగాడు. లేదు, పాత దుప్పటి ఒకటి పరిచారు. బాసింపట్టు వేసుకుని, కుడికాలు కొంచెం ముందుకి చాపి, ఫిడేలు తల చీలమండ మీద ఆనించి, సా పా సా పా శ్రుతి చేసుకున్నాడు. ఆవిడ పని వదిలేసి పక్కనే నేల మీద కూర్చున్నారు. మోహన. మంద్రంలో కింది తీగ ఇదివరకు బొంగురుగా ఉండేది, ఇప్పుడు విప్పుకుంది. నాకే తెలిసింది, ఆయనకి తెలియదా. ఆపి, ఆ ఒక్క తీగ మీదే గమకం నాలుగుసార్లు వేసుకున్నాడు.

తీగలు ఇంత వదులుగా ఎందుకు అని ఆవిడ అడిగారు. పాడేవాళ్ళ గొంతు ఎక్కడుంటే ఇదీ అక్కడే ఉండాలి, జారుడు ఎక్కువ కావాలి అన్నాడు మావయ్య. ఆవిడ తీగల్ని మోసే బ్రిడ్జి ఎత్తు కొలిచి నోట్‌బుక్కులో రాసుకున్నారు. డబ్బు తీసుకోనన్నారు.

బుధవారం, రైళ్ళలో

క్రెమోనా నుంచి బ్రెషా, అక్కడి నుంచి వెరోనా, అదీజె నది వెంట ఉత్తరానికి, ఆపైన బస్సు. రోజంతా పట్టింది. ఒక రైలు తప్పిపోయింది. వెరోనాలో చూడాల్సింది చాలా ఉందని అంటారు. మేం ప్లాట్‌ఫారం చూశాం.

గురువారం, పానెవెజ్జో అడవి

సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున డోలమైట్ కొండల కింద ఫియెమ్మె లోయ పైభాగంలో ఈ అడవి. ఫిడేళ్ళ అడవి అనే పిలుస్తారు. స్ట్రాడివారి స్వయంగా వచ్చి మానుల్ని తట్టి ఏరుకున్నాడని గైడ్లు చెబుతారు. దానికి కాగితం సాక్ష్యం లేదు. కలప ఆల్ప్స్ కొండలదేనని మాత్రం వాద్యాల పైపలకల్లో వలయాలు లెక్కపెట్టినవాళ్ళు తేల్చారు.

నిటారు స్ప్రూస్‌ల మధ్య వాగు. పార్కు ఆఫీసు ఎదురుగా కంచె లోపల దుప్పులు. మాకు అడవి చూపించిన ఆయన కోసిన మొద్దు ఒకదాని మీద వలయాలు చూపించాడు. చలికి చెట్టు ఏడాదికి మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే లావెక్కుతుంది. గీతలన్నీ సమదూరం. కొమ్మ ముడి ఉంటే పనికిరాదు, మెలిక తిరిగితే పనికిరాదు, వాలులో ఒక పక్కకి ఒరిగి పెరిగినా పనికిరాదు. నూటయాభై ఏళ్ళ చెట్లలో ఫిడేలుకి పనికొచ్చేది వెతికితే ఏ కొద్దో దొరుకుతుంది. చలికాలంలో, చెట్టులో రసం దిగిపోయాక కొడతారు. కృష్ణపక్షంలో కొట్టాలన్న పట్టింపు కూడా ఉంది. అది వినగానే మావయ్య, “మా ఊళ్ళో వెదురు కూడా అంతే,” అన్నాడు.

కొంచెం పైకి నడిచాక చెట్లు లేవు. కొండవాలు మొత్తం మొదళ్ళే. 2018 అక్టోబరు చివర్లో వాయా అని పేరుపెట్టిన తుఫాను ఈశాన్య ఇటలీ అడవుల్ని రాత్రికి రాత్రి పడగొట్టేసింది. 80 లక్షల ఘనపు మీటర్లకి పైగా కలప నేలకూలింది. పడిన చెట్లలో బెరడు తొలిచే పురుగు పెరిగి, ఆ తర్వాత నిలబడి ఉన్నవాటికి పాకింది. దూరంగా ఎర్రబారిన చెట్ల మచ్చలు దానివే. మంచి మానుల్ని ఏరి వాద్యాలకి దాచారు కానీ, చాలా భాగం మామూలు కలపగా అయినకాడికి అమ్ముడుపోయిందట. కొత్తగా నాటినవి మా మోకాలెత్తున ఉన్నాయి. వీటిలోంచి పైపలక తీసేవాళ్ళ తాత కూడా ఇంకా పుట్టి ఉండడు.

కింద ఊళ్ళో రంపపు మిల్లు దగ్గర పైపలకకి సరిపడే జంట ముక్కలు అమ్ముతున్నారు. మావయ్య ఒక్కోటీ తీసి తట్టి, వాసన చూసి, గంటసేపు ఏరి ఒక జత తీసుకున్నాడు.

“ఫిడేలు ఎవరు చేస్తారు మావయ్యా దీంతో?”

“ఫిడేలుకి కాదే. గొల్లపల్లి తీసుకెళ్తా. వాళ్ళు పనస తప్ప వేరే కర్ర ముట్టరు. ఇది తట్టి ఏమంటారో విందామని.”

“ఎయిర్‌పోర్ట్‌లో కర్రలకి అడ్డం పెడతారేమో.”

“బిల్లుంది కదా. నీ జర్మన్‌లో ఒక కాగితం కూడా రాసియ్యి. బరువెక్కువైతే ఆ చలికోటు నీ దగ్గరే వదిలేస్తా, విజయనగరంలో అది నాకెందుకు?”